బంతిలో ఖాళీ విస్తళ్లు: హార్డ్ డిస్క్ డిఫ్రాగ్మెంటేషన్ గురించి

(ఫొటో స్టూడియోలు, డీటీపీ కేంద్రాలు నడుపుతున్నవారి సమావేశంలో ఒక కంప్యూటర్ మరమ్మతుదారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ముందుగా ఈ బల్ల మీద పెట్టిన వస్తువును చూడండి. వెనుక వరుసల్లో ఉన్నవారికి సరిగా కనబడకపోవచ్చు, చివర్లో అందరి చేతికీ ఇస్తాను. ఇది మూడున్నర అంగుళాల హార్డ్ డిస్క్. పై మూత విప్పి తెచ్చాను. లోపల ఉన్న ఈ గుండ్రని పళ్లెం అద్దంలా మెరుస్తోంది, ఇప్పుడు ఇందులో నా ముఖం నాకే కనబడుతోంది. పళ్లెం మీదికి వాలి ఉన్న ఈ సన్నని చెయ్యిని గమనించండి. దాని కొసన ఆవగింజలో సగం కూడా లేని ముక్క ఒకటి ఉంది, పళ్లెం మీద రాసేదీ చదివేదీ అదే, దానినే హెడ్డు అంటాము. డిస్కు బతికి ఉన్న రోజుల్లో ఈ పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరిగేది. తిరుగుతున్నంతసేపూ హెడ్డు పళ్లేన్ని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తున, గాలి పొర మీద తేలుతూ ఉండేది. ఈ డిస్కు ఎలా పోయిందో మధ్యలో చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి చెప్పక తప్పదు.

ఈ పూట నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. డిఫ్రాగ్మెంటేషన్ అనేది ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోట వరుసగా చేర్చి, ఈ చెయ్యి చేసే ప్రయాణాన్ని తగ్గించే పని. అంతకు మించి మరేమీ కాదు. కానీ మనం దానిని ఎలా చూస్తున్నాము? సిస్టమ్ స్లో అయిందా, డిఫ్రాగ్ కొట్టండి. ఫొటోషాప్ ఆలస్యంగా తెరుచుకుంటోందా, డిఫ్రాగ్ కొట్టండి. ఇంటర్నెట్ రావడం లేదా, అప్పుడు కూడా డిఫ్రాగే! తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర ఇచ్చినట్లుగా, ఒక మొక్కు చెల్లించినట్లుగా దానిని వాడుతున్నాము. ఏ డిస్కుకు ఆ పని అవసరమో, ఏ డిస్కుకు అనవసరమో, ఏ డిస్కుకు ప్రాణాంతకమో తెలుసుకోవాలంటే, చెయ్యి చేసే ఆ ప్రయాణం ఎంతటిదో మొదట లెక్క వేయాలి.

లెక్క పెద్దది కాదు, నాతో పాటు మీరూ వేయండి. నిమిషానికి 7,200 చుట్లు అంటే సెకనుకు 120 చుట్లు, అంటే ఒక్క చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు హెడ్డు కిందికి వచ్చేసరికి సగటున అర చుట్టు పడుతుంది కనుక అక్కడ 4 మిల్లీసెకన్లు పోతాయి. దానికి ముందు చెయ్యి ఒక ట్రాకు నుంచి, అంటే పళ్లెం మీది ఒక గుండ్రని దారి నుంచి, ఇంకొక ట్రాకుకు జరగాలి, దానికి సుమారు 9 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 13. ఇది ఒక్క చోటికి చేరుకోవడానికి పట్టే సమయం మాత్రమే, చదవడం ఇంకా మొదలు కాలేదు. చేరుకున్న తరువాత వరుసగా చదివేటప్పుడు మాత్రం ఇదే డిస్కు సెకనుకు 100 మెగాబైట్లు, అంతకంటే ఎక్కువ కూడా అందించగలదు.

ఇప్పుడు 3 మెగాబైట్ల ఫొటో ఒకటి తీసుకోండి. అది ఒకే చోట వరుసగా ఉంటే చేరుకోవడానికి 13, చదవడానికి 30, మొత్తం 43 మిల్లీసెకన్లు, అంటే రెప్పపాటు కంటే తక్కువ. అదే ఫొటో 200 ముక్కలై డిస్కు అంతటా చెదిరి ఉంటే? ఒక్కొక్క ముక్క దగ్గరికీ 13 మిల్లీసెకన్ల ప్రయాణం చేయాలి. 200 ప్రయాణాలకు 2,600 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర సెకన్లకు పైమాటే. చదవడానికి పట్టిన సమయం మాత్రం అదే 30 మిల్లీసెకన్లు. ఇది లెక్క కోసం వేసుకున్న చెడ్డ సందర్భమే, ముక్కలు దగ్గర దగ్గరగా ఉంటే ఇంత పట్టదు. కానీ పెళ్లి ఆల్బమ్ ఫోల్డరు తెరిచి, చిన్న బొమ్మలు ఒక్కొక్కటిగా ఊడిపడుతుంటే ఎదురుగా కస్టమరును కూర్చోబెట్టుకొని మౌస్ కదిలించిన అనుభవం ఇక్కడ ఎవరికి లేదు?

అయితే ఫైలు ముక్కలు ఎందుకు కావాలి? కంప్యూటరు వరుసగా రాయవచ్చు కదా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. దానికి నేను పెళ్లి బంతిని ఉదాహరణగా చెబుతాను.

డిస్కును కంప్యూటరు చిన్న చిన్న గడులుగా పంచుకుంటుంది, వాటిని క్లస్టర్లు అంటాము. ఇప్పటి విండోస్‌లో, ఫైళ్లను డిస్కులో అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో, ఒక్కో క్లస్టరు సాధారణంగా 4 కిలోబైట్లు. మన 3 మెగాబైట్ల ఫొటోకు 768 క్లస్టర్లు కావాలి. ఒక్కో క్లస్టరును ఒక విస్తరి అనుకోండి, ఒక్కో ఫైలును ఒక కుటుంబం అనుకోండి, వడ్డించేవాడిని హెడ్డు అనుకోండి. తొలి బంతిలో ఏ ఇబ్బందీ ఉండదు. వచ్చిన కుటుంబం వచ్చినట్లుగా పక్కపక్కన కూర్చుంటుంది, పప్పు బకెట్టు పట్టుకున్నవాడు ఒక్క నడకలో వడ్డించుకుంటూ పోతాడు. మన చిన్నప్పుడు బంతిలో అందరి భోజనం అయ్యేదాకా ఎవరూ లేవకూడదని పెద్దలు కోప్పడేవారు. డిస్కులో ఆ మర్యాద లేదు. ఇక్కడ ఒక ఫైలు తొలగిస్తాము, రెండు విస్తళ్లు ఖాళీ అవుతాయి. అక్కడ ఇంకొకటి తొలగిస్తాము, ఐదు ఖాళీ అవుతాయి. ఆ తరువాత పన్నెండుమంది ఉన్న కుటుంబం వస్తుంది. ఒకేచోట పన్నెండు విస్తళ్లు ఖాళీగా లేవు. ఏం చేస్తారు? ఇద్దరిని ఇక్కడ, ఐదుగురిని గుమ్మం దగ్గర, మిగిలినవారిని ఆ మూల స్తంభం వెనుక సర్దుతారు. వాళ్లు తింటారు, ఇబ్బంది లేదు. కానీ ఆ కుటుంబానికే వరుసగా వడ్డించమంటే, బకెట్టు పట్టుకున్నవాడు హాలంతా పరుగెత్తాలి. ఫైలు ముక్కలు కావడమంటే ఇదే.

మన స్టూడియో కంప్యూటర్లలో ఇది మిగతావారి కంప్యూటర్ల కంటే ఎక్కువగా ఎందుకు జరుగుతుందో చూడండి. పాత పెళ్లి ఫొటోలు, ఒక్కొక్కటి 5 మెగాబైట్ల జేపెగ్‌లు, డెలివరీ అయిపోయిందని తీసేస్తాము. ఆ ఖాళీల్లోకి కొత్త పెళ్లివి, కెమెరా నుంచి నేరుగా వచ్చే 'రా' ఫైళ్లను, ఒక్కొక్కటి 25 మెగాబైట్లవి, కాపీ చేస్తాము. డిస్కు నిండిపోయే దాకా తీయము, నిండిన తరువాత కూడా అన్నీ తీయము, కస్టమరు మళ్లీ అడుగుతాడేమోనన్న భయంతో అక్కడక్కడా కొన్ని ఏరి తీస్తాము. 500 గిగాబైట్ల డిస్కులో ఎప్పుడు చూసినా పది, పదిహేను గిగాబైట్లే ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కూడా చిల్లరగా ఉంటుంది. అలాంటి డిస్కులో రాసిన ప్రతి ఫైలూ పుట్టుకతోనే ముక్కలై పుడుతుంది. దీనికి కారణం విండోస్ కాదు, మనం డిస్కును ఊపిరాడకుండా నింపడం.

ఇక చరిత్ర విషయానికి వస్తే, ఈ జబ్బు మైక్రోసాఫ్ట్ తొలినాళ్లలోనే ఉంది. 1977లో అక్కడ తయారైన ఫ్యాట్ పద్ధతిలో ఒక పట్టిక ఉంటుంది. ఫైలులోని ఒక ముక్క తరువాతి ముక్క ఎక్కడ ఉందో ఆ పట్టిక చెబుతుంది, అది దాని తరువాతి దాన్ని చూపుతుంది, ఇలా గొలుసులాగా సాగుతుంది. ఫ్లాపీల కాలానికి అది చక్కని ఏర్పాటు. హార్డ్ డిస్కులు పెద్దవయ్యాక ఆ గొలుసు డిస్కు అంతటా సాగడం మొదలైంది. అందుకే 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6లో డిఫ్రాగ్ అనే ప్రోగ్రామును చేర్చారు, దానిని సిమాంటెక్ అనే కంపెనీ నుంచి లైసెన్సు తీసుకున్నారు. అదే ఏడాది విండోస్ ఎన్‌టీతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. కొత్త పద్ధతి కదా, ఇందులో ముక్కలు కావని అప్పట్లో చాలామంది నమ్మారు. అయ్యాయి.

విండోస్ 95 నాటి డిఫ్రాగ్ తెర గుర్తున్నవారు చేతులు ఎత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. రంగు రంగుల చిన్న గళ్లు, ఒకటి ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షమవుతూ ఉండేవి. నేను పనిచేసిన శిక్షణ సంస్థలో శనివారం సాయంత్రం అన్ని కంప్యూటర్లలోనూ దానిని నడిపించి, విద్యార్థులతో కలిసి టీవీ చూసినట్లుగా చూస్తూ కూర్చునేవాళ్లం. అరవై శాతం దాకా వచ్చాక స్క్రీన్ సేవర్ వచ్చేది, అది డిస్కులో ఏదో రాసేది, వెంటనే డ్రైవులో మార్పు జరిగిందని చెప్పి డిఫ్రాగ్ మళ్లీ మొదటికి వచ్చేది. ఆ గళ్లు సర్దుకోవడం చూస్తుంటే మనసుకు ఏదో శాంతి కలిగేది, ఇల్లు ఊడ్చిన తృప్తి లాంటిది. డిఫ్రాగ్ మీద మనకు అతిగా నమ్మకం కలగడానికి ఆ తెర కూడా ఒక కారణమని నా అనుమానం. పని ఎంత జరిగిందో తెలియకపోయినా, జరుగుతున్నట్లుగా కంటికి కనబడింది.

2007లో వచ్చిన విండోస్ విస్టాలో ఆ గళ్లను తీసేశారు, దాని కోసం బాధపడినవారిలో నేనూ ఉన్నాను. కానీ అదే విస్టాలో రెండు మంచి పనులు చేశారు. ఒకటి, మనం అడగకుండానే వారానికి ఒకసారి, బుధవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు, డిఫ్రాగ్ దానంతట అదే నడిచేలా పెట్టారు. రెండవది నాకు చాలా నచ్చిన నిర్ణయం: 64 మెగాబైట్లు, అంతకంటే పెద్దవిగా ఉన్న ముక్కలను కలపడం మానేశారు. ఎందుకో మన లెక్కతోనే చూడండి. 64 మెగాబైట్లు చదవడానికి, సెకనుకు 100 చొప్పున, 640 మిల్లీసెకన్లు పడుతుంది. తరువాతి ముక్కకు చేరడానికి 13. అంటే రెండు శాతం. ఆ రెండు శాతం కోసం గిగాబైట్ల కొద్దీ వీడియోను ఇటునుంచి అటు మోయడం దండగ. కాబట్టి మీ డిస్కులో పెద్ద పెళ్లి వీడియో పది ముక్కలుగా ఉందని ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాలతో భయపెడితే భయపడకండి. పది ముక్కలకు పది ప్రయాణాలు, మొత్తం 130 మిల్లీసెకన్లు. రెండు గంటల వీడియోలో దానిని ఎవరు కనిపెడతారు? చిన్న ఫైలు చాలా ముక్కలు కావడం, పెద్ద ఫైలు కొన్ని ముక్కలు కావడం, ఈ రెండూ ఒకటి కావు.

అర్ధరాత్రి ఒంటిగంట అన్నాను కదా. మనలో ఎందరు రాత్రి కంప్యూటరును వేసి ఉంచుతారు? షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్చే ఆపేస్తాము. అప్పుడు మరునాడు కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ పని జరగాలి. కానీ పగలు మన కంప్యూటరు ఖాళీగా ఉండదు, ఉంటే మనకు బేరం లేనట్లు. ఈ విధంగా నెలల తరబడి ఆ పని వాయిదా పడుతూ పోయిన కంప్యూటర్లను నేను చాలా చూశాను. కాబట్టి తిరిగే డిస్కు ఉన్నవారు నెలకు ఒకసారైనా ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరును వేసి, దాని జోలికి పోకుండా వదిలేయండి. యూపీఎస్ ఉంటే మంచిది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక ముక్కను కొత్త చోట పూర్తిగా రాసిన తరువాతే పాత చోటును వదులుతారు కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా సాధారణంగా ఫైలుకు నష్టం రాదు. కానీ పాత ఫ్యాట్ 32 డ్రైవుల విషయంలో నేను అంత ధైర్యం చెప్పలేను.

ఇప్పుడు ఈ డిస్కు కథకు వస్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక స్టూడియో మిత్రుడు, నన్ను అన్నా అని పిలిచే మనిషి, కంప్యూటరును స్కూటరు మీద పెట్టుకొని తెచ్చాడు. "అన్నా, చచ్చేంత స్లోగా ఉంది, సాయంత్రానికి ఆల్బమ్ ఇవ్వాలి" అన్నాడు. నేను వేసి చూశాను. డిస్కు దాదాపు నిండి ఉంది. అనాలిసిస్ చేస్తే చాలా శాతం ముక్కలుగా ఉందని చూపించింది. ఇంకేం, కారణం దొరికిందనుకున్నాను. డిఫ్రాగ్ మొదలుపెట్టి భోజనానికి వెళ్లాను. వెళ్లేముందు ఒక శబ్దం విన్నాను. టిక్, టిక్, కొంచెం ఆగి మళ్లీ టిక్. విన్నాను, కానీ పట్టించుకోలేదు. తిరిగి వచ్చేసరికి తెర నీలంగా ఉంది, విండోస్ కంటే ముందు కంప్యూటరును లేపే బయాస్‌లో కూడా డిస్కు కనబడడం లేదు. ఆ డిస్కు ముక్కల వల్ల నెమ్మదించలేదు. సెక్టార్లు, అంటే పళ్లెం మీద డేటా ఉండే చిన్న చిన్న భాగాలు, దెబ్బతిని, ఒక్కో చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ నెమ్మదించింది. అలాంటి డిస్కు చేత నేను లోపలి సరుకంతా బయటికి తీసి మళ్లీ సర్దించాను. జ్వరం వచ్చినవాడి చేత బియ్యం బస్తాలు మోయించినట్లు చేశాను. రెండు పెళ్లిళ్ల ఫొటోలు పోయాయి. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ మౌనమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుచేత వరుస మార్చుకోండి. డిఫ్రాగ్ మొదటి పని కాదు. మొదట ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి పోవాలి. తరువాత డిస్కు ఆరోగ్యం చూడాలి. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది, వాటిని స్మార్ట్ వివరాలు అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వాటిని చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే ముందుకు వెళ్లండి. పసుపు రంగులో కాషన్ అని ఉంటే, ముఖ్యంగా రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల్లో అంకెలు పెరుగుతుంటే, ఆ డిస్కుకు డిఫ్రాగ్ చేయకండి, డేటా తీసుకొని డిస్కు మార్చండి. టిక్ టిక్ శబ్దం వస్తుంటే ఆ ప్రోగ్రాము కూడా అక్కరలేదు, మీ చెవులు చాలు. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి: పొరపాటున ఏదైనా ఫైలును తొలగించి, దానిని రికవరీ చేయాలనుకుంటే, అది అయ్యేదాకా డిఫ్రాగ్ మాట తలపెట్టకండి. తొలగించిన ఫైలు ఉన్న చోటు డిస్కు దృష్టిలో ఖాళీ విస్తరే. డిఫ్రాగ్ అక్కడ ఇంకొకరిని కూర్చోబెడుతుంది.

ఆరోగ్యం బాగుందని తేలాక ఖాళీ చేయండి. కుటుంబాలను కలపాలంటే కొందరిని కాసేపు వేరేచోట కూర్చోబెట్టాలి కదా, హాలు కిక్కిరిసి ఉంటే ఎక్కడ కూర్చోబెడతారు? విండోస్ ఎక్స్‌పీ కాలంలో కనీసం 15 శాతం ఖాళీ ఉండాలని చెప్పేవారు, ఇప్పటికీ అది మంచి కొలతే. మన స్టూడియో డిస్కులకైతే నేను ఇంకా ఎక్కువే అడుగుతాను.

ఆ తరువాత స్టార్ట్ మెనూలో డిఫ్రాగ్ అని టైపు చేస్తే ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే కిటికీ వస్తుంది. విండోస్ 8 నుంచి దాని పేరు అది. అందులో మొదట చూడవలసింది బటన్లను కాదు, మీడియా టైప్ అన్న నిలువు వరుసను. అక్కడ హార్డ్ డిస్క్ డ్రైవ్ అని ఉంటే అనలైజ్ నొక్కి శాతం చూడండి. పది శాతం దాటితే డిఫ్రాగ్ చేయమని విండోస్ 7 కాలంలో మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది. మూడు, నాలుగు శాతం ఉంటే వదిలేయండి.

అక్కడ సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డీ, అని ఉంటే? ఇప్పుడు ఇక్కడ ఉన్నవారిలో సగంమంది దగ్గర అవే ఉన్నాయని అనుకుంటున్నాను. ఎస్‌ఎస్‌డీలో పళ్లెం లేదు, చెయ్యి లేదు, మనం వేసుకున్న ఆ 13 మిల్లీసెకన్ల ప్రయాణమే లేదు. అది బంతి భోజనం కాదు, బఫే. కుటుంబంలో ఎవరు ఎక్కడ నిలబడి తిన్నా వడ్డించేవాడికి నడక లేదు. పైగా ఫైలు వరుసగా ఉందని విండోస్ అనుకున్నా, లోపల ఎస్‌ఎస్‌డీ కంట్రోలరు తన ఇష్టప్రకారం ఎక్కడెక్కడో రాస్తుంది, కాబట్టి మనం సర్దింది నిజంగా సర్దినట్లు కూడా కాదు. దానికి తోడు, ఎస్‌ఎస్‌డీలోని ఒక్కో కణాన్ని చెరిపి మళ్లీ రాయడానికి ఒక పరిమితి ఉంటుంది. అనవసరంగా గిగాబైట్ల కొద్దీ అటూ ఇటూ మార్చితే ఆ పరిమితి వైపు మనమే తోసినట్లు. విండోస్‌లో అదే ఆప్టిమైజ్ బటను ఎస్‌ఎస్‌డీకి ప్రధానంగా ట్రిమ్ అనే వేరే పని చేస్తుంది. ఫలానా చోట్లు ఇక అక్కరలేదు, తీరికగా శుభ్రం చేసుకో అని డ్రైవుకు చెప్పడమే ఆ పని. దానికి భయపడవలసిన అవసరం లేదు. బయటి నుంచి తెచ్చుకున్న పాత డిఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లను మాత్రం ఎస్‌ఎస్‌డీ మీదికి తోలకండి.

లినక్స్ వాడేవారు ఒకరిద్దరు ఉన్నారు కదా, మీకు ఒక్క మాట. అక్కడ ఎన్‌టీఎఫ్‌ఎస్ లాగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి ఫైలును డిస్కు మీద వెంటనే రాయకుండా కాసేపు ఆగి, దాని పరిమాణం తెలిశాక తగిన వరుస ఖాళీని వెతికి రాస్తుంది. అందుకే అక్కడ ఈ బెడద తక్కువ. డిస్కును 95 శాతం నింపితే మాత్రం అక్కడా ఇదే కథ.

ప్రశ్నలు అడగండి. పెన్‌డ్రైవుకు చేయవచ్చా అని అడుగుతున్నారు. వద్దు, అది కూడా ఎస్‌ఎస్‌డీ లాగా పళ్లెం, చెయ్యి లేని ఫ్లాష్ మెమరీయే. బ్యాకప్ కోసం పెట్టుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకు చేయాలా? రాసి పక్కన పెట్టేది అయితే అక్కరలేదు, అందులో తీయడం, వేయడం తక్కువ కాబట్టి ముక్కలూ తక్కువే. అది తెరుచుకోవడం కొంత ఆలస్యమైనా మీకు నష్టమేముంది? డిఫ్రాగ్ చేస్తే ఫొటోషాప్ వేగం పెరుగుతుందా అని ఆ చివర నుంచి అడిగారు. ఫైలు తెరవడం, సేవ్ చేయడం కొంత పెరగవచ్చు. తెరిచాక బ్రష్ నెమ్మదిగా కదులుతుంటే అది ర్యామ్ సంగతి, ప్రాసెసరు సంగతి. డిస్కును ఎంత సర్దినా అది మారదు. నిజం చెప్పాలంటే, మీ కంప్యూటరులో విండోస్ ఇంకా తిరిగే డిస్కు మీదే ఉంటే, మీరు పదేళ్లపాటు చేసే డిఫ్రాగ్‌లన్నీ కలిపినా ఒక్క చిన్న ఎస్‌ఎస్‌డీ వేసుకున్నంత ఫలితం ఇవ్వవు. విండోస్‌ను దాని మీదికి మార్చి, పాత డిస్కును ఫొటోలు దాచుకోవడానికి ఉంచుకోండి. అప్పుడు ఆ పాత డిస్కుకు ఈ పూట చెప్పినదంతా వర్తిస్తుంది.

ఈ డిస్కును వరుసగా చేతులు మార్చుకుంటూ చూడండి. పళ్లెం అంచున సన్నని గుండ్రటి గీత ఒకటి ఉంది, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనబడుతుంది. హెడ్డు రాసుకుపోయిన చోటు అది. వేలిముద్రలు పడతాయని సంకోచించకండి, దానికి ఇక పోయేది ఏమీ లేదు. చూశాక మాత్రం తిరిగి నాకే ఇవ్వండి.